పోర్చుగల్ 1974: సైన్యం తిరగబడింది సరే, ఆ ఏడాదంతా అసలేం జరిగింది?

లిస్బన్ బాటసారి | ఏప్రిల్ 25, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా లిస్బన్‌లో ఉంటున్నాను. ఈరోజు ఇక్కడ జాతీయ సెలవు. మధ్యాహ్నం ఊళ్ళో పెద్ద రోడ్డు మీద ఇసకేస్తే రాలనంత జనం. చంకలో పిల్లల దగ్గర్నుంచి కర్ర పట్టుకుని నడిచే ముసలాళ్ళ దాకా అందరి చేతుల్లో ఎర్ర కార్నేషన్ పూలే. 1974 ఏప్రిల్ 25న సైన్యం నియంతృత్వాన్ని కూలదోసిందని, అందుకే ఈ పండగ అని మాత్రం తెలుసు.

ఆఫీసులో అడిగితే తలో మాట చెప్పారు. మా మేనేజరు "సైనికులే మమ్మల్ని విడిపించారు" అంటుంది. పక్క సీటతను "అదంతా ప్రమోషన్ల గొడవ" అని కొట్టిపారేశాడు. క్యాంటీన్‌లో పనిచేసే అంగోలా పెద్దాయనైతే "వాళ్ళని మేమే విడిపించాం, వాళ్ళకింకా తెలీదు" అని నవ్వాడు. ముగ్గురిలో ఎవరిది నిజం? ఆ ఏడాది సంగతి వరసగా ఎవరైనా చెప్పగలరా?

---

చరిత్ర పిచ్చోడు | ఏప్రిల్ 25, రాత్రి 11:55

ముగ్గురిదీ నిజమే. ఎవరి వాటా ఎంత అన్నదగ్గరే పేచీ. ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

1926 మే 28న సైనిక కుట్రతో అక్కడి గణతంత్రం పోయింది. 1928లో ఆర్థికమంత్రిగా వచ్చిన సలాజార్ అనే అర్థశాస్త్రం ప్రొఫెసరు 1932లో ప్రధాని అయ్యాడు, ఇక కుర్చీ వదల్లేదు. 1968లో ఆ కుర్చీ విషయమే నిజంగా జరిగింది: కుర్చీలోంచి పడి తలకి దెబ్బ తగిలింది, ఆ తర్వాత మెదడు దెబ్బతింది. మార్సెలో కైటానోని ప్రధానిని చేశారు. సలాజార్ 1970లో చనిపోయేదాకా, తను ఇంకా ప్రధానినే అనుకున్నాడని, చుట్టూ ఉన్నవాళ్ళు ఆ నాటకం నడిపించారని చెబుతారు.

కైటానో వస్తే గాలి ఆడుతుందనుకున్నారు. రహస్య పోలీసుల సంస్థ 'పీడే'కి పేరు మార్చాడు, మనుషులు వాళ్ళే. సెన్సారుకీ పేరు మారింది, కత్తెర అదే. ఇక యుద్ధం. అంగోలాలో 1961, గినీలో (ఇప్పటి గినీ బిసావు) 1963, మొజాంబిక్‌లో 1964. మూడు చోట్లా స్వాతంత్ర్యం కోసం తుపాకులు లేచాయి. బ్రిటన్, ఫ్రాన్స్ ఎప్పుడో సర్దుకున్నాయి. పోర్చుగల్ మాత్రం "ఇవి వలసలు కావు, సముద్రం అవతల మా జిల్లాలు" అని కూర్చుంది.

---

కాకినాడ కాజా | ఏప్రిల్ 26, ఉదయం 7:10

సిగరెట్ లైటరు జేబులో పెట్టుకోవాలన్నా లైసెన్సు ఉండాలన్న దేశం ఇదేనా గురూ? ఎక్కడో చదివా, నమ్మలేదు.

---

చరిత్ర పిచ్చోడు | ఏప్రిల్ 26, ఉదయం 8:02

ఇదే. 1937 నుంచి 1970 దాకా నడిచింది ఆ లైసెన్సు. కోకాకోలా కూడా 1977 దాకా రానివ్వలేదు. వీటికి నవ్వొస్తుంది కానీ, 1969 దాకా పెళ్ళైన ఆడమనిషి విదేశానికి వెళ్ళాలంటే మొగుడి అనుమతి కావాలి. ఆడవాళ్ళు జడ్జీలు కావాలన్నా, దౌత్య ఉద్యోగాల్లో చేరాలన్నా దారి తెరుచుకున్నది 1974లోనే.

---

లెక్కల మాస్టారు | ఏప్రిల్ 26, ఉదయం 11:30

నా పాఠం డబ్బుతో మొదలవుతుంది, అలవాటు.

1970లో ఆ దేశ జనాభా 86 లక్షల పైచిలుకు. అంటే మన ఒక పెద్ద నగరమంత. నలుగురిలో ఒకరికి చదవడం రాదు. అలాంటి దేశం మూడు ఖండాంతర యుద్ధాలు ఒకేసారి చేస్తోంది. ప్రభుత్వ ఖర్చులో దాదాపు 40 శాతం సైన్యానికే పోయేది. ఆరోగ్యానికి, బడికి మిగిలేది ఏముంటుంది? 1960 నుంచి 1974 లోపు సుమారు 15 లక్షల మంది దేశం వదిలిపోయారు, ఎక్కువమంది ఫ్రాన్స్‌కి. పనికోసం కొందరు, ఆఫ్రికా యుద్ధానికి పోవడం ఇష్టంలేక కొందరు.

దీనిపైన 1973 అక్టోబరులో అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం. ఇజ్రాయెల్‌కి సాయం పంపే అమెరికా విమానాలు అజోర్స్ దీవుల్లోని లాజెస్ స్థావరంలో దిగడానికి పోర్చుగల్ ఒప్పుకుంది. అరబ్బు దేశాలు వీళ్ళకీ చమురు ఆపేశాయి. ధరలు మండాయి. 1974లో ద్రవ్యోల్బణం పాతిక శాతం దరిదాపుల్లో ఉంది. ప్రమోషన్ల గొడవ అని నవ్వే పక్క సీటాయనకి ఈ అంకెలు చూపించండి.

---

వరంగల్ వాకిలి | ఏప్రిల్ 26, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, గా ఫ్రాన్స్‌కు పోయినోళ్ళ ముచ్చట ఒకటి నేను చెప్త. పాస్‌పోర్టు ఇయ్యరు గదా, దొంగదారిన స్పెయిన్ కొండలు దాటాలె. దాటించేటోనికి పైసలు ముందే మొత్తం ఇయ్యరు. పోయేటోని ఫోటో ఒకటి రెండు ముక్కలు చింపుతరు. ఒక ముక్క ఇంటోళ్ళ కాడ, ఇంకో ముక్క పోయేటోని జేబుల. ఫ్రాన్స్‌ల క్షేమంగ దిగినంక ఆ ముక్కను ఇంటికి పంపిస్తడు. రెండు ముక్కలు అతికితెనే ఇంటోళ్ళు మిగిలిన పైసలు కడ్తరు.

మా దిక్కు దుబాయి ఏజెంట్ల చేతుల లక్షలు పోసి మోసపోయిన ఇండ్లు ఎన్ని లేవు! గీ చింపిన ఫోటో ఉపాయం మనోళ్ళకు ఎవ్వలు చెప్పకపాయె.

---

మాజీ జవాను | ఏప్రిల్ 26, సాయంత్రం 6:48

ప్రమోషన్ల గొడవని తేలిగ్గా తీసేయకండి. యూనిఫారం వేసుకున్నవాడికి సీనియారిటీ అంటే ఏమిటో బయటివాళ్ళకి అర్థం కాదు.

జరిగింది ఇది. యుద్ధం సాగేకొద్దీ మిలిటరీ అకాడమీకి వచ్చే కుర్రాళ్ళు తగ్గిపోయారు. కెప్టెన్లు చాలడం లేదు. నిర్బంధ సైనిక సేవలో అధికారులుగా పనిచేసినవాళ్ళని అకాడమీలో చిన్న కోర్సు చేయించి పర్మనెంట్ చెయ్యొచ్చని 1973 జులైలో ప్రభుత్వం ఆర్డరు తెచ్చింది. అంతవరకూ ఫరవాలేదు. కానీ వాళ్ళ పాత సర్వీసుని కూడా సీనియారిటీలో కలిపారు. అంటే, పూర్తి అకాడమీ శిక్షణ పొంది, ఆఫ్రికాలో రెండు మూడు విడతలు చేసొచ్చిన కెప్టెన్‌ నెత్తిమీదికి నిన్నటిదాకా తన కింద ఉన్నవాడు మేజరై వచ్చి కూర్చుంటాడు.

సెప్టెంబరు 9న ఎవోరా దగ్గర ఒక పొలంలో, విందు భోజనం వంకతో, నూటముప్ఫై మంది దాకా కలిశారు. ప్రభుత్వం భయపడి ఆర్డరు వెనక్కి తీసుకుంది. అయితే అప్పటికే ఆలస్యమైంది. ఒకచోట కూర్చున్నాక వాళ్ళు మాట్లాడుకున్నది సీనియారిటీ గురించి మాత్రమే కాదు గదా. "ఈ యుద్ధం ఎందుకు చేస్తున్నాం?" అన్న ప్రశ్న బల్లమీదికి వచ్చేసింది. అర్జీ పెట్టుకోడానికి పోగైనవాళ్ళు ఏడు నెలల్లో ప్రభుత్వాన్ని దించేదాకా వెళ్ళారు.

---

నిర్మొహమాటం | ఏప్రిల్ 26, రాత్రి 8:20

ఆ ప్రశ్న బల్లమీదికి ఊరికే రాలేదు జవాను గారూ. గినీ అడవుల్లోంచి వచ్చింది. అంగోలా పెద్దాయన నవ్వింది అందుకే.

గినీలో అమిల్కార్ కబ్రాల్ నడిపిన పార్టీ చాలా భూభాగాన్ని పట్టులోకి తెచ్చుకుంది. 1973 జనవరిలో ఆయన్ని పక్కదేశం రాజధాని కొనాక్రీలో హత్య చేశారు. ఉద్యమం చస్తుందనుకున్నారు, చావలేదు. కొన్ని నెలల్లోనే వాళ్ళ చేతికి భుజం మీంచి పేల్చే విమాన విధ్వంసక క్షిపణులు వచ్చాయి, పోర్చుగీసు విమానాలు కూలడం మొదలైంది. గాలిలో పైచేయి పోయాక నేలమీది శిబిరాలకి దిక్కెవరు? మే నెలలో గిలేజె అనే శిబిరాన్ని వదిలేసి పోయారు. సెప్టెంబరు 24న గినీ తనంతట తనే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, ఎన్నో దేశాలు గుర్తించాయి కూడా. ఓడిపోతున్నామని కెప్టెన్లకి నేర్పింది నల్లవాళ్ళు. "రక్తపాతం లేని విప్లవం" అని పాడేముందు పదమూడేళ్ళు ఆఫ్రికాలో పారినదాన్ని ఎవరి ఖాతాలో రాస్తారో చెప్పండి.

---

మాజీ జవాను | ఏప్రిల్ 26, రాత్రి 9:05

కాదనడం లేదమ్మా. పైగా గినీలో ఉన్న ఆ కెప్టెన్ల మనసులో ఇంకో భయం ఉంది. దాని పేరు గోవా.

1961 డిసెంబరులో మన సైన్యం గోవాలోకి వెళ్ళేముందు, సలాజార్ అక్కడి గవర్నర్ జనరల్ వసాలో ఇ సిల్వాకి తంతి పంపాడు. లొంగుబాటు అన్న మాటే వద్దు, గెలిచిన సైనికులో చచ్చిన సైనికులో మాత్రమే ఉండాలన్నది దాని సారాంశం. అక్కడున్నది సుమారు మూడున్నర వేల మంది. మనవాళ్ళు ఎన్నో రెట్లు. ఆయన వివేకం గలవాడు, డిసెంబరు 19న లొంగిపోయి మనుషుల ప్రాణాలు కాపాడాడు. దానికి బహుమానం? మన దగ్గర బందీలుగా ఉండి 1962లో ఇంటికి చేరినవాళ్ళని దేశద్రోహుల్లా చూశారు. ఆయన్నీ మరికొందరు అధికారులనీ సైన్యం నుంచి వెళ్ళగొట్టారు.

పన్నెండేళ్ళ తర్వాత గినీలో కూర్చున్న కెప్టెన్‌కి ఇది కళ్ళముందు కనిపిస్తోంది. రేపు ఓడితే తప్పు లిస్బన్‌లో మంత్రిది కాదు, నాది. ఈ లెక్క వేసుకున్నాకే తుపాకీ ఎటు తిప్పాలో తేలింది.

---

వరంగల్ వాకిలి | ఏప్రిల్ 26, రాత్రి 9:40

గోవా అంటె ఇంకో మాట. 1948ల మన హైదరాబాద్ మీదికి సైన్యాన్ని నడిపించిన జనరల్ చౌదరి గుర్తున్నడా, తర్వాత ఇక్కడ మిలిటరీ గవర్నర్ అయిండు? 1961ల గోవా మీదికి పోయిన దక్షిణ కమాండ్‌కు పెద్ద ఆయనే. అంతకు ముందు నిజాం సర్కారు సముద్రం దారి కోసం గోవా రేవు మీద కన్నేసి పోర్చుగీసోళ్ళతోని మంతనాలు నడిపిందంటరు. అది కుదిరి ఉంటె కథ ఎట్లుండేదో.

---

కాకినాడ కాజా | ఏప్రిల్ 26, రాత్రి 9:52

కుదిరుంటే మీరు వీసా తీసుకుని బీచికి వెళ్ళేవారు అన్నా. సరే, ఏప్రిల్ 25 ఎప్పుడొస్తుంది? పాటతో మొదలైందంటారు, ఆ ముక్క చెప్పండి ఎవరైనా.

---

చరిత్ర పిచ్చోడు | ఏప్రిల్ 27, ఉదయం 6:30

వస్తున్నా. 1974 మొదటి నాలుగు నెలలూ గబగబా చెప్పేస్తాను.

ఫిబ్రవరి 22న జనరల్ స్పినోలా పుస్తకం బజారులోకి వచ్చింది. గినీలో గవర్నరుగా చేసొచ్చిన మనిషి, ఒంటికన్ను కళ్ళద్దం, చేతిలో బెత్తం, ఏ కోణంలోనూ విప్లవకారుడు కాదు. అలాంటివాడు "ఈ యుద్ధం ఆయుధాలతో గెలవలేం" అని అచ్చులో రాశాడు. మార్చి 14న కైటానోకి విధేయత చూపే సభ పెడితే స్పినోలా, ఆయన పైఅధికారి కోస్టా గోమెస్ వెళ్ళలేదు. ఇద్దర్నీ పీకేశారు. వెళ్ళిన ముసలి జనరళ్ళకి జనం 'కీళ్ళనొప్పుల దళం' అని పేరు పెట్టారు. మార్చి 16న కాల్డాస్ పట్నం నుంచి ఒక రెజిమెంటు తొందరపడి బయల్దేరింది, వెనక ఎవరూ రాకపోయేసరికి దొరికిపోయింది. సుమారు 200 మంది అరెస్టు. ప్రభుత్వం హమ్మయ్య అనుకుంది.

అసలు పథకం వేసింది ఒటెలో సరైవా డి కార్వాల్యో అనే మేజరు. పుట్టింది మొజాంబిక్‌లో. ఏప్రిల్ 24 రాత్రి లిస్బన్ శివారు పొంటిన్యాలో ఒక బారకాసులో కిటికీలకి దుప్పట్లు కట్టుకుని కూర్చున్నారు. సైగలు రేడియోలోంచి రావాలి. మొదటిది రాత్రి 10:55కి, ఒక ప్రేమపాట. ఏప్రిల్ మొదటివారంలో యూరోవిజన్ పోటీల్లో పోర్చుగల్ తరఫున పాడి, చివరి స్థానం పంచుకున్న పాట. ఆ ఏడాది గెలిచింది స్వీడన్ వాళ్ళ అబ్బా బృందం. ఓడిపోయిన ప్రేమపాట కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రెండోది అర్ధరాత్రి దాటి 12:20కి: జోసే అఫోన్సో పాడిన 'గ్రాండొలా'. కూలీల ఊరి మీద పాట, అధికారం జనానిదే అనే పాట. అది మోగిందంటే ఇక వెనక్కి తిరగడం లేదు.

---

చరిత్ర పిచ్చోడు | ఏప్రిల్ 27, ఉదయం 7:15

(ముందు పోస్టు కొనసాగింపు)

శాంటరేం అశ్వికదళ బడిలో ముప్ఫైకి అటూఇటూ వయసున్న కెప్టెన్ సల్గైరో మాయ. అర్ధరాత్రి దాటాక కుర్రాళ్ళని లేపి నిలబెట్టాడు. దేశాలు చాలా రకాలున్నాయి, సోషలిస్టు రాజ్యాలు, పెట్టుబడిదారీ రాజ్యాలు, ఇంకా మనం దిగజారిన ఈ రాజ్యం ఒకటి, దీన్ని ఈ రాత్రికి ముగిద్దాం, రావాలనుకున్నవాళ్ళు బయట వరసకట్టండి, రానివాళ్ళు ఇక్కడే ఉండండి అన్నాడు. అందరూ వరసకట్టారు.

పాత సాయుధ వాహనాలు, మొరాయించే లారీలు. తెల్లవారుజామున లిస్బన్‌లోకి వస్తుంటే ఎర్రలైటు పడింది. కుట్రకి పోతున్న దళం సిగ్నల్ దగ్గర ఆగింది!

---

కాకినాడ కాజా | ఏప్రిల్ 27, ఉదయం 7:31

బెజవాడ బెంజి సర్కిల్లో అయితే ప్రభుత్వం బతికిపోయేది. మధ్యాహ్నానికి కూడా రాజధాని చేరేవాళ్ళు కాదు.

---

మాజీ జవాను | ఏప్రిల్ 27, ఉదయం 9:20

ఆ రోజు నిజంగా ప్రాణాలమీదికి వచ్చిన ఘట్టం నదివైపు వీధిలో జరిగింది. ప్రభుత్వం వైపు బ్రిగేడియరు పెద్ద ట్యాంకులతో వచ్చాడు. మాయ దగ్గరున్న డొక్కు బండ్లు వాటి ముందు ఆగవు. మాయ ఒక చేతిలో తెల్ల గుడ్డ పట్టుకుని నడిచి వెళ్ళాడు. జేబులో గ్రెనేడు పెట్టుకున్నాడని, పట్టుకోడానికొస్తే తనతోపాటే పేల్చుకుందామనుకున్నాడని తర్వాత చెప్పాడు. బ్రిగేడియరు "కాల్చు" అన్నాడు. ట్యాంకులో ఉన్న కార్పొరల్ జోసే అల్వెస్ కోస్టా కాల్చలేదు, తలుపు బిగించుకుని లోపలే ఉండిపోయాడు. నదిలో ఉన్న గాగో కౌటిన్యో నౌకకీ కాల్చమని ఆజ్ఞ వచ్చింది, అదీ కాల్చలేదు.

నేను పనిచేసిన రోజుల్లో ఆజ్ఞ అంటే ఆజ్ఞే. ఆ కార్పొరల్ స్థానంలో ఉంటే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ చెప్పలేను.

---

లిస్బన్ బాటసారి | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 12:40

మరి పూలు? మా ఆఫీసులో ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు.

---

నిర్మొహమాటం | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 2:05

సెలెస్ట్ కైరో. లిస్బన్‌లో ఒక రెస్టారెంటులో పనిచేసేది. ఆ రోజు ఆ హోటలు తెరిచి సరిగ్గా ఏడాది. వచ్చినవాళ్ళకి పంచుదామని యజమాని కార్నేషన్లు తెప్పించాడు. ఊళ్ళో ట్యాంకులు తిరుగుతున్నాయని తలుపులు తీయలేదు, పూలు పాడైపోతాయి, తలా కొన్ని ఇంటికి పట్టుకుపొమ్మన్నాడు. దారిలో ఒక సైనికుడు సిగరెట్ ఉందా అని అడిగాడు. ఆమెకి ఆ అలవాటు లేదు. చేతిలో ఉన్నదే ఇచ్చింది. అతను తీసుకుని తుపాకీ గొట్టంలో గుచ్చుకున్నాడు. చూసి పక్కవాడూ అడిగాడు. చేతిలోవి అయిపోయేదాకా పంచుకుంటూ పోయింది. తర్వాత పూలమ్మేవాళ్ళు కూడా అందుకున్నారు.

ఏ పార్టీ ఆఫీసులోనూ, ఏ మేజరు పథకంలోనూ ఈ పువ్వు లేదు. హోటల్లో పనిచేసే ఒక ఆడమనిషి చేతిలోంచి వచ్చింది. ఆమె 2024లో పోయింది. బతికినన్నాళ్ళూ చిన్న పింఛనుతోనే గడిపింది. పువ్వేమో దేశం గుర్తు అయి కూర్చుంది.

ఇంకోటి. సైన్యం తెల్లారకముందు నుంచే రేడియోలో "ఇళ్ళల్లోనే ఉండండి" అని పదే పదే చెప్పింది. జనం వినలేదు. వినుంటే అది ఒక సైనిక కుట్ర, అంతే. వీధిలోకొచ్చి ట్యాంకులెక్కి, సైనికులకి రొట్టె, పాలు పెట్టి దాన్ని మరోటి చేసింది జనమే.

---

చరిత్ర పిచ్చోడు | ఏప్రిల్ 27, మధ్యాహ్నం 3:30

అవును. కైటానో కార్మో అనే బారకాసులో దాక్కుంటే, బయట చిన్న చౌకులో చెట్లెక్కి, పోలీసు డబ్బాలెక్కి జనం. మాయ గడువు పెట్టాడు, గోడల మీదికి కాల్పించాడు. చివరికి కైటానో ఒక షరతు పెట్టాడు: కెప్టెన్‌కి లొంగను, జనరల్ రావాలి, లేకపోతే అధికారం వీధిపాలవుతుంది. స్పినోలా కారులో వచ్చి అధికారం అందుకున్నాడు. రాత్రి ఏడున్నర ప్రాంతంలో కైటానోని షైమీట్ అనే సాయుధ వాహనంలో తీసుకుపోయారు. మొజాంబిక్‌లో 1895లో గుంగున్యానా అనే రాజుని పోర్చుగీసువాళ్ళు బంధించిన ఊరి పేరే ఆ వాహనానికి పెట్టారు. ఆఫ్రికాలో సాధించిన గెలుపు పేరున్న బండిలోనే ఆ సామ్రాజ్యం ఆఖరి ప్రధాని వెళ్ళిపోయాడు.

రక్తం చిందలేదన్న మాటకి సవరణ: ఆ సాయంత్రం పీడే కార్యాలయం ముందు గుమిగూడిన జనం మీద లోపలినుంచి కాల్చారు. నలుగురు చనిపోయారు. పీడేవాళ్ళు మర్నాడు పొద్దున గానీ లొంగలేదు.

---

నిర్వాహకులు | ఏప్రిల్ 27, సాయంత్రం 5:00

గమనిక: పీడే ప్రస్తావన రాగానే మన ఎమర్జెన్సీ మీదికి, ఆ తర్వాత నేటి పార్టీల మీదికి వెళ్ళిన ఐదారు వ్యాఖ్యలు తొలగించాం. దానికి వేరే చర్చ తెరుచుకోండి. ఇక్కడ పోర్చుగల్ 1974 మాత్రమే.

---

లెక్కల మాస్టారు | ఏప్రిల్ 27, సాయంత్రం 6:15

ఏప్రిల్ 25 దగ్గరే అందరూ ఆగిపోతారు. మిగతా ఎనిమిది నెలలే నాకు ఇష్టం.

ఏప్రిల్ 26, 27ల్లో కషియాస్, పెనీష్ జైళ్ళ నుంచి రాజకీయ ఖైదీలు బయటికొచ్చారు. స్పినోలా కొందర్నే వదులుదామన్నాడు, హింసాకాండ కేసులున్నవాళ్ళని ఆపుదామన్నాడు. ఖైదీలు "వెళ్తే అందరం, లేకపోతే ఎవరమూ కాదు" అని లోపలే కూర్చున్నారు. 28న సోషలిస్టు నాయకుడు మారియో సోరెస్ ప్యారిస్ నుంచి రైల్లో దిగాడు. 30న కమ్యూనిస్టు నాయకుడు అల్వారో కున్యాల్ విమానంలో వచ్చాడు. మే 1న లిస్బన్‌లో జరిగిన ఊరేగింపులాంటిది ఆ దేశం అంతకు ముందు చూడలేదు.

తర్వాత కథ అంతా జీతాలది, ఇళ్ళది. వారాల్లో సమ్మెలు దేశమంతా పాకాయి. ఖాళీ ఇళ్ళలోకి మురికివాడల జనం చొరబడి తాళాలు వేసుకున్నారు. మే నెలాఖరున మొట్టమొదటిసారి కనీస వేతనం వచ్చింది, నెలకి 3,300 ఎస్కుడోలు. దానితో ఎంతోమంది జీతం ఒక్కసారిగా పెరిగింది. అయితే పొలం కూలీలకీ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ అది వర్తించలేదు. విప్లవంలో కూడా చివరి వరస చివరి వరసే.

---

నిర్మొహమాటం | ఏప్రిల్ 27, రాత్రి 7:50

జనరల్‌ని రాష్ట్రపతి చేశారు కదా, అసలు గొడవ అక్కడ. స్పినోలాకి ఆఫ్రికాతో కలిపి ఒక సమాఖ్యలాంటిది కావాలి. కెప్టెన్లకి యుద్ధం ఆగాలి. ఆఫ్రికన్లకి స్వాతంత్ర్యం కావాలి, మధ్యేమార్గం అక్కర్లేదు. అక్కడున్న సైనికులు కాల్పులు మానేసి అవతలివాళ్ళతో మాటామంతీ మొదలెట్టారు. పోరాడని సైన్యంతో ఏ జనరల్ బేరమాడగలడు? జులైలో కెప్టెన్ల ఉద్యమం వైపు అధికారి వాస్కో గొన్సాల్వెస్ ప్రధాని అయ్యాడు, జులై 27న స్పినోలాయే టీవీలో వలసలకి స్వాతంత్ర్య హక్కు ఉందని చదవాల్సి వచ్చింది. సెప్టెంబరు 7న జాంబియా రాజధాని లుసాకాలో మొజాంబిక్ ఒప్పందం. ఆ రోజే మొజాంబిక్‌లో తెల్లవాళ్ళు కొందరు రేడియో కేంద్రం ఆక్రమించారు, తర్వాతి రోజుల్లో రాజధానిలో చాలా ప్రాణాలు పోయాయి. సెప్టెంబరు 10న గినీ బిసావుని పోర్చుగల్ గుర్తించింది.

సెప్టెంబరు 28న 'మౌన మెజారిటీ' పేరుతో స్పినోలా మద్దతుదారులు లిస్బన్‌లో బలప్రదర్శనకి పిలుపిచ్చారు. ముందురోజు రాత్రి నుంచే కార్మికులు, పార్టీల కార్యకర్తలు ఊళ్ళోకి వచ్చే దార్లన్నీ అడ్డుకట్టి కార్లు సోదా చేశారు. సభ జరగలేదు. 30న స్పినోలా రాజీనామా చేశాడు. కోస్టా గోమెస్ వచ్చాడు. అయిదు నెలలు కూడా నిలవలేదు ఆ జనరల్ గారి రాజ్యం.

---

మాజీ జవాను | ఏప్రిల్ 27, రాత్రి 8:30

మేడమ్, రోడ్లమీద జనమే కార్లు సోదా చెయ్యడం మీకు గొప్పగా ఉన్నట్టుంది. నాకు భయంగా ఉంది. 1975లో ఆ దేశం అంతర్యుద్ధం అంచుదాకా వెళ్ళింది అందుకే.

---

నిర్మొహమాటం | ఏప్రిల్ 27, రాత్రి 8:44

వెళ్ళింది, పడలేదు. 1975 ఏప్రిల్ 25న ఎన్నికలు పెడితే నూటికి 91 మంది పైగా ఓటేశారు. భయపడినవాళ్ళు అంత పొడుగు క్యూల్లో నిలబడరు. దీని మీద మనిద్దరికీ కుదరదు లెండి.

---

పనాజీ పడవ | ఏప్రిల్ 28, ఉదయం 10:10

ఆలస్యంగా వచ్చాను. ఊరు ఏలూరు, ఉద్యోగం గోవాలో. మీరందరూ 1974 డిసెంబరు వదిలేశారు.

1961లో గోవా మనలో కలిసిపోయినా పోర్చుగల్ ఒప్పుకోలేదు. పదమూడేళ్ళు వాళ్ళ కాగితాల్లో గోవా వాళ్ళదే. మనకీ వాళ్ళకీ మధ్య దౌత్య సంబంధాలే లేవు. సలాజార్ పోయినా, కైటానో వచ్చినా ఆ మంకుపట్టు సడల్లేదు. ఏప్రిల్‌లో ప్రభుత్వం మారింది, డిసెంబరు 31న, ఆ ఏడాది ఆఖరి రోజున, విదేశాంగమంత్రి హోదాలో మారియో సోరెస్ ఢిల్లీ వచ్చాడు. మన విదేశాంగమంత్రి వై.బి. చవాన్. గోవా, డామన్, డయ్యూ, దాద్రా నగర్ హవేలీలు మన రాజ్యాంగం ప్రకారం ఎప్పుడెప్పుడు భారతదేశంలో భాగమయ్యాయో ఆ తేదీల నుంచే మన సార్వభౌమాధికారాన్ని గుర్తిస్తున్నామని సంతకం పెట్టాడు. ఇవాళ్టి నుంచి అనలేదు, ఆ తేదీల నుంచే అన్నాడు. అంటే పదమూడేళ్ళ వాదన మొత్తం ఒక్క వాక్యంలో వదులుకున్నారు.

జవాను గారు చెప్పిన వసాలో ఇ సిల్వాకి కూడా కొత్త ప్రభుత్వం సైన్యంలో పాత హోదా తిరిగిచ్చింది.

---

మాజీ జవాను | ఏప్రిల్ 28, ఉదయం 10:35

అది బతికుండగా జరగడం మంచిదైంది. చాలామంది విషయంలో అలా జరగదు.

---

లిస్బన్ బాటసారి | ఏప్రిల్ 28, మధ్యాహ్నం 1:20

పడవ గారూ, ఇప్పుడో సందేహం. ఇక్కడ నాకు తగిలే గోవావాళ్ళలో చాలామందికి పోర్చుగీసు పాస్‌పోర్టు ఉంది. గోవాని వదులుకున్నాక అదెలా?

---

పనాజీ పడవ | ఏప్రిల్ 28, మధ్యాహ్నం 2:45

భూమిని వదులుకున్నారు, పౌరసత్వాన్ని కాదు. 1961 డిసెంబరు 19కి ముందు గోవాలో పుట్టినవాళ్ళు అప్పటి చట్టం ప్రకారం పోర్చుగీసు పౌరులు. వాళ్ళూ, వాళ్ళ పిల్లలూ, మనవలూ లిస్బన్‌లో జనన నమోదు చేయించుకుంటే ఆ పౌరసత్వం దక్కుతుంది. ఇక్కడ వీధివీధికీ ఆ పని చేసిపెట్టే ఏజెంట్ల బోర్డులు. పాత పోర్చుగీసు రిజిస్టర్లలో తాతగారి పేరు అక్షరం తేడా వస్తే ఏళ్ళ తరబడి తిరగాల్సిందే. దక్కినవాళ్ళు పోర్చుగల్‌కి పోతారు, 2020 దాకా ఇంగ్లండుకీ పోయేవారు; మన చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి భారత పాస్‌పోర్టు అప్పగించాలి.

మీ దగ్గర 2015 నుంచి 2024 దాకా ప్రధానిగా చేసిన ఆంటోనియో కోస్టా తండ్రి ఓర్లాండో డా కోస్టా మడ్గావ్‌లో పెరిగిన మనిషే. రచయిత, కమ్యూనిస్టు, పీడే ఆయన్ని అరెస్టు చేసింది కూడా.

---

వరంగల్ వాకిలి | ఏప్రిల్ 28, మధ్యాహ్నం 3:02

తండ్రిని జైల్ల పెట్టిన దేశానికి కొడుకు ప్రధాని! బాటసారి అన్నా, గా క్యాంటీన్ పెద్దాయనను మళ్ళ కలిస్తే అడుగు: 1974ల ఆయన ఎక్కడుండె, అంగోలల ఏ పార్టీ దిక్కు ఉండె? ఆ దేశానికి 1974ల స్వాతంత్ర్యం రాలె, 1975 నవంబర్‌ల వచ్చింది, వచ్చుడుతోనే మూడు పార్టీలు కొట్టుకున్నయి. గా ముచ్చట ఎవ్వరన్న మొదలువెడ్తే నేను వస్త.

---

లిస్బన్ బాటసారి | ఏప్రిల్ 28, సాయంత్రం 6:30

సోమవారం అడుగుతాను అన్నా. ఆయన మాట్లాడతానంటే అంగోలాకి వేరే చర్చ నేనే తెరుస్తా.